ఓపికకి శాలువా

"ఓపికకి శాలువా కప్పించుకున్న మనిసివి. ఆర్నెల్లు తిరక్కుండా మొగుడు నాకొద్దంటే, రేపు మా మొకాలెక్కడ ఎట్టుకోవాలి?" అన్నాడు తవిటయ్య.

"శాలువా నాను అడిగినానా మావా? మీరు పిలిసినారు, మీరు కప్పినారు."

"కప్పినప్పుడే ఒద్దనాల."

"మైకు మీ సేతిలో ఉన్నాది గదా. నానెలాగంటాను?"

"సూడండర్రా, మాటకి మాట. ఇదేనేటి ఓపిక?"

వరండాలో కూర్చున్న మగవాళ్ళు నవ్వారు. దాలమ్మ నవ్వలేదు. ఎడమ చేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు, కుడి చేత్తో దాన్ని పట్టుకుని నిలబడింది. దాని మొగుడు అప్పన్న స్తంభానికి ఆనుకుని, ఈ గొడవ వేరెవరిదో అన్నట్టు గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

అది మా ఊరి బడి వరండా, ఆదివారం. ఊరి పెద్దల ముందు పెట్టుకునే పంచాయితీని మా వైపు తగువు అంటాం. ఆ రోజు తగువు పెట్టించుకున్నది దాలమ్మ. తవిటయ్య మా ఊరికి పెద్దమనిషి, ఆయన మాట దాటి తగువు తెగదు. దాలమ్మ అడిగింది పెద్ద కోరిక కాదు. తనూ, ఎనిమిదేళ్ళ కూతురూ ఇక ఆ ఇంట్లో ఉండరు, వేరే ఉంటారు, అప్పన్న ఆ గుమ్మం తొక్కకూడదు. ఈ ఒక్క మాట పెద్దలు నలుగురి ముందూ చెప్పాలి. అంతే.

తవిటయ్య నావైపు తిరిగాడు.

"వొదినా, రాసి పంపింది నువ్వే గదా. ఈ మనిసి ఓపిక గల మనిసని నీ సేత్తో రాసినావు. అప్పుడు నువ్వు రాసింది నిజమా, ఇప్పుడిది అంటన్నది నిజమా? నువ్వే సెప్పు."

వరండా అంతా నన్ను చూసింది. దాలమ్మ మాత్రం చూడలేదు.

నేనేం జవాబు చెప్పానో చెబుతాను. అయితే ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి ముందు ఆ ప్రశ్న నా మెడకి ఎలా చుట్టుకుందో తెలియాలి. ట్రైనింగుల్లో మీకిది ఎవరూ చెప్పరు.

నేను చేసిన పని

నేను నాలుగో తరగతి దాకా చదువుకున్నాను, మిషన్ బడిలో. ఐదుకి పక్క ఊరు నడవాలంటే మా అయ్య ఒద్దన్నాడు. ఇది రాస్తున్నది పాత కరపత్రాల వెనకవైపు. ఒక పక్క అచ్చు వేసి రెండో పక్క తెల్లగా పారేయడం నాకు చేతకాదు. అక్షరాల తప్పులు నా మనవరాలు దిద్దింది. మాటల్ని దిద్దుతానంటే కలం లాక్కున్నాను.

నరసన్నపేటలో ఆఫీసు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో ఇరవై ఏళ్ళు పైబడి గ్రామ కార్యకర్తగా చేశాను. నా కింద ఎనిమిది ఊళ్ళు, వాటిలో మా ఊరొకటి. మొదట్లో పని చేత్తో పట్టుకుని చూపించగలిగే పని. విరేచనాలు పట్టిన పిల్లలకి ఉప్పు పంచదార నీళ్ళు కలపడం నేర్పడం, బావిలో మందు వేయడం, బడి మానేసిన ఆడపిల్ల ఇంటికి వారం రోజులు వరసగా వెళ్ళి వాళ్ళమ్మ విసుక్కునేదాకా కూర్చోవడం. సాయంత్రానికి ఒక పని అయిందో లేదో మనకే తెలిసేది.

అప్పుడు మా పైన సూపర్‌వైజరు గ్రేసమ్మగారు. బాప్టిస్టు చర్చి కుటుంబం, నర్సుగా చేసి వచ్చిన మనిషి. చేతిసంచీలో ఎప్పుడూ ఒక సబ్బు ముక్క ఉండేది, నోట్లో మాట తక్కువ. నేను చేరిన కొత్తలో ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవంతా పూసగుచ్చినట్టు రాసి తీసుకెళ్ళి చూపించాను, మెచ్చుకుంటుందని. ఆవిడ ఆ కాగితం మడిచి పొయ్యిలో పెట్టింది.

"గుమ్మం బయట అడిగి తెలుసుకున్నది రాయి. గుమ్మం లోపల విన్నది నీ దగ్గరే ఉంచుకో. అది వాళ్ళు నీకు ఇచ్చింది కాదు, నువ్వు అక్కడ ఉన్నావు కాబట్టి నీ చెవిలో పడింది" అంది.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు. ఆవిడ వెళ్ళాక ఒకసారి తప్పాను.

తిత్లీ తుఫానుకి రెండేళ్ళ ముందు గ్రేసమ్మగారు రిటైరైంది. పట్నం నుంచి కొత్త ప్రాజెక్టు ఆఫీసరు వచ్చాడు. పేరు రాయను. చెడ్డవాడేం కాదు, కోపం వచ్చినా నన్ను అమ్మా అనే పిలిచేవాడు. ఆయనతోపాటే కొత్త కార్యక్రమం దిగింది: 'మంచి గుణం, మంచి ఊరు'. నెలకొక గుణం. నెల మొదట్లో ఆ గుణం పేరు బడి గోడ మీద రాయించాలి. నెలాఖరులో ఆ గుణం ఉన్న మనిషిని ఊరికొకరిని ఎంచి, సభ పెట్టి, శాలువా కప్పి, అద్దం బిగించిన పత్రం చేతిలో పెట్టాలి. అలా చేస్తే ఊళ్ళో గుణం పెరుగుతుందట. పొట్లకాయకి రాయి కడితే తిన్నగా పొడుగు సాగుతుంది. మనిషికి అద్దాల పత్రం కడితే గుణం సాగుతుందని ఎవరు కనిపెట్టారో నాకు ఈనాటికీ తెలియదు.

నెలనెలా ప్రతి ఊరికీ కొత్త ఫ్లెక్సీ. గుణం పేరు రాసే చోటు ఖాళీగా ఉంచి ఒకటే ఫ్లెక్సీ ఏడాదంతా వాడుకుందాం, పేరు మట్టుకు కాగితం మీద రాసి అంటిద్దాం అన్నాను. ఆఫీసులో అందరూ నవ్వారు. పొదుపు ఆ ఏడాది గుణాల్లో లేదు. సభ అయిపోయాక ఆ ఫ్లెక్సీలు తెచ్చి గడ్డిమేటు మీద కప్పేదాన్ని.

ఎవరికి ఏ గుణం

మొదటి నెల నిజాయితీ. మా ఊళ్ళో యేసోబుకి వచ్చింది. పంచాయతీలో కాలవలు తీసే మనిషి. కాలవ మట్టిలో బంగారు చెవిదుద్దు దొరికితే కడిగి, ఇంటింటికీ తిరిగి అడిగి, ఎవరిదో వాళ్ళకి ఇచ్చేశాడు. ఇంతకంటే ఏం కావాలి, సార్ చాలా సంబరపడ్డాడు.

ఆ కబురు చెప్పడానికి నేనే యేసోబు ఇంటికి వెళ్ళాను. అతను విని, చేతిలో పార గోడకి ఆనించాడు. "అమ్మా, ముప్పయ్యేళ్ళ నుంచి మీ ఈదులు తుడుస్తన్నాను. ఇన్నాళ్ళూ నన్నేటనుకున్నారు?" అని అడిగాడు.

 అయినా శాలువా కప్పించాను. ఆ తరువాత ఏమైందో సార్‌కి ఎవరూ రాసి పంపలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో ఎవరి చెంబు కనబడకపోయినా, సైకిలు పంపు కనబడకపోయినా మొదట యేసోబునే అడగడం మొదలుపెట్టారు. నిజాయితీ గలవాడివి కదా, నువ్వయితే నిజం చెబుతావు, అని. అంతకుముందు అతని జోలికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ తరువాత దానగుణం వచ్చింది. రైసుమిల్లు యజమానికి ఇచ్చారు. గుడికి తన పేరు చెక్కించిన స్టీలు కంచాలు ఇచ్చాడట. క్రమశిక్షణ రిటైరైన హెడ్మాస్టరుకి. వినయం ఎవరికి వచ్చి ఉంటుందో చెప్పనక్కరలేదు, ఎవరు ఎదురైనా చెప్పులు విప్పి చేత పట్టుకునే ముసలివాడికి. ఎనిమిది ఊళ్ళలోనూ ఇదే వరస. నిజాయితీ ఒక్కసారీ మిల్లు గుమ్మం తొక్కలేదు. దానగుణం ఒక్కసారీ యేసోబు వీధికి రాలేదు. తన కూట్లోంచి పక్కింటి పిల్లకి సగం పెట్టే ఆడవాళ్ళు ఆ వీధిలో ఎంతమందో నాకు తెలుసు.

నెల మీటింగులో లేచి ఆ మాటే అన్నాను. మిల్లాయనకి ఒకసారి నిజాయితీ ఇద్దాం సార్, అన్నాను.

"ఊరుకోండమ్మా, జనం నమ్మరు" అన్నాడు. అన్నాక, ఏం అన్నాడో తనకే తెలిసి, టీ తెప్పించాడు.

చూశారా, అందరికీ అన్నీ తెలుసు. గుణం ఎక్కడ లేదో కూడా తెలుసు. అక్కడికి వెళ్ళి అడిగే ధైర్యం లేక, ఉన్నచోటికి వెళ్ళి శాలువాలు కప్పుతున్నాం. మనకంటే యేసోబు ఎక్కువ తెలిసినవాడు. మనం అతనికి మంచితనం నేర్పే కార్యకర్తలం. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. మండినా పని మానలేదు. అది కూడా రాసుకోండి, ఎందుకంటే మీలో చాలామంది అలాగే చేస్తారు.

ఓపిక

మాఘమాసంలో గోడ మీద రాయించిన గుణం ఓపిక.

ఆ మాట ఎంచింది పట్నంలో కూర్చున్నవాళ్ళు. వాళ్ళ లెక్కలో ఓపిక అంటే ఓర్చుకోవడం, కోపం తెచ్చుకోకుండా ఉండడం. మా ఊళ్ళో ఓపిక అంటే ఒంట్లో సత్తువ. జ్వరం పడి లేచినవాడు ఓపిక లేదంటాడు, అంటే కోపం వస్తోందని కాదు, కాళ్ళు నిలవడం లేదని. మీరు ఏ ఊరైనా వెళ్ళి ఒక కూలిమనిషిని ఓపిక ఉందా అని అడగండి. పని చేయగలవా అని అడిగినట్టే వింటుంది.

నేను ఉభాల జట్టు ఆడవాళ్ళని అడిగాను. వరినాట్లని మా వైపు ఉభాలంటారు. పధ్నాలుగు మంది జట్టు అది, ఏ పొలానికైనా కలిసే వెళతారు. అప్పుడు మినపచేలో పని చేసి గట్టు మీద గంజి తాగుతున్నారు. మీలో ఎవరికి ఓపిక ఎక్కువ అన్నాను. జట్టులో పెద్దది అసిరమ్మ. ఆవిడ క్షణం ఆలోచించలేదు.

"ఇంకెవులకి? దాలమ్మకే. తెల్లారి ఒంగితే పొద్దుగూకేదాకా నడుం ఎత్తదు. రెండు మోపులు ఒక్కపాలే ఎత్తుకుంటాది. మా అందరి ఓపికా అదొక్కర్తే పట్టుకెల్లిపోనాది."

అందరూ నవ్వారు. దాలమ్మ కూడా నవ్వింది, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదీ ఎన్నిక. వాళ్ళు తమలో బలమైన మనిషిని ఎంచారు. అది నాకు స్పష్టంగా తెలుసు. ఓపిక ఉన్న మనిషి పేరు అడిగారు, నేను ఇచ్చాను, అని ఊరుకుంటే సరిపోయేది.

కానీ ఫారంలో మూడు గడులుంటాయి. పేరు, గుణం, సంఘటన. మూడో గడి కోసమే సార్ ప్రాణం. పైవాళ్ళకి కథ కావాలి అమ్మా, కథ లేకపోతే ప్రాజెక్టు లేదు, అనేవాడు. నేను మూడో గడిలో 'బాగా పని చేయును' అని రాశాను. ఆయన జీపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఓపిక ఎలా అవుతుంది, ఏదో ఒకటి ఉంటుంది ఆలోచించండి, ఇంటి దగ్గర పరిస్థితి ఏమిటి, అని అడిగాడు. రోడ్డు పొడుగునా అడిగాడు. నేను ఎండలో తిరిగి అలిసి ఉన్నాను. పైగా జీపెక్కించుకున్నాడన్న మొహమాటం.

చెప్పేశాను. అప్పన్న తాగి వస్తాడని, కొడతాడని, వాతలు తేలిన వీపుతోనే ఆ పిల్ల తెల్లారి పనికి వస్తుందని. అవి నాకు ఎలా తెలుసంటే, పసుపూ నూనే కలిపి ఆ వీపుకి రాసింది నేనే. దాలమ్మ నన్ను పిన్నీ అని పిలిచేది. గుమ్మం లోపలి మాట అది.

సార్ జీపు ఆపించి పుస్తకం తీశాడు.

మైకు

సభ రోజున నేను ముందు వరసలో ఉన్నాను. సార్ తనే చదివాడు. భర్త ఎన్ని బాధలు పెట్టినా, ఎంత హింసించినా, పల్లెత్తు మాట అనకుండా ఓపికతో సంసారం నెట్టుకొస్తున్న ఆదర్శ గృహిణి, నేటి తరం ఆడపిల్లలు ఈమెను చూసి నేర్చుకోవాలి. ఇలా సాగింది. మైకు పెద్దది, పక్క వీధికి కూడా వినబడింది.

దాలమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. బాగా పని చేస్తుందని చెబుతారనుకుంది. మొదటి వాక్యానికే దాని తల వాలిపోయింది. రెండో వాక్యానికి కూతురి చెవులు చేతుల్తో మూసింది. జట్టు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేం చెప్పింది ఇదా, అన్నట్టు అసిరమ్మ నావైపు చూసింది.

అంతటితో అయిందా. దంపతులిద్దరూ ఫొటోలో ఉండాలన్నాడు సార్. అప్పన్నని వేదిక మీదికి పిలిచారు. కొట్టేవాడని మైకులో చదివిన నోటితోనే పిలిచారు. అతనికి కూడా పూలదండ వేశారు. అతను రెండు చేతులూ ఎత్తి జనానికి దణ్ణం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సభలో అందరూ కొడుతుంటే చేతులు వాటంతట అవే కొడతాయి. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. ఆ చేతులు నావే.

ఆ రోజు నుంచి అప్పన్నకి కొత్త మాట దొరికింది. దాలమ్మ నోరెత్తితే చాలు, గోడ మీద ఉన్న పత్రం వైపు చెయ్యి చూపించేవాడట. కొట్టడం తగ్గిందా అంటే పెరిగింది. ఇదివరకు పొరుగువాళ్ళు వినకుండా తలుపు వేసేవాడు. ఊరంతటికీ తెలిసిపోయి, ఊరే దండ వేశాక తలుపెందుకు?

మంచి అనే మాటకి ఎంత బలం ఉందో అప్పుడు తెలిసింది నాకు. తిట్టు మనిషికి తగిలితే మనిషి తిరగబడుతుంది. పొగడ్తతో కట్టేస్తే తిరగబడడానికి చోటుండదు. ఓర్చుకునేవాళ్ళని పొగిడే ఊరు, ఓర్చుకోవలసిన పని పెట్టేవాళ్ళ జోలికి వెళ్ళదు. అది ఊరికి సుఖం.

ఆషాఢంలో దాలమ్మ చెయ్యి విరిగింది. విరిగింది అని రాయకూడదు. అప్పన్న విరిచాడు, తలుపు సందులో పెట్టి. ఆకు, అంటే వరినారు, తీసి ఉభాలు వేసే రోజులు దగ్గర పడుతున్నాయి. రెండు చేతులూ ఉంటేనే ఆ ఇంట్లో గంజి.

తెలిసి పరుగెత్తుకెళ్ళాను. దాలమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఏం జరిగింది తల్లీ అని అడిగాను. నన్ను లోపలికి రమ్మనలేదు.

"నీకు సెప్పను పిన్నీ. నీకు సెప్తే మైకులో వస్తాది" అంది.

నేను చేసిన ఉద్యోగమంతటికీ నాకు వచ్చిన సర్టిఫికెట్టు అదొక్కటే. మిగతావి అటక మీద ఉన్నాయి.

పోలీసు స్టేషనుకి పోదాం, నేనూ వస్తాను అన్నాను. అక్కడా ఇదే కాగితం చూపిస్తారు, ఒద్దు అంది. నెలరోజులు ఆలోచించుకుని తనే వెళ్ళి తవిటయ్యని తగువు పెట్టమని అడిగింది.

నా జవాబు

ఇక ఆ వరండా దగ్గరికి వస్తాను. అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడంటున్నది నిజమా అని తవిటయ్య అడిగాడు కదా.

ముందురోజే సార్ ఫోన్ చేశాడు. కార్యక్రమం పేరు చెడకుండా చూడండమ్మా, సర్ది చెప్పండి, మీ మాట వింటుంది, అన్నాడు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఎనిమిది నెలలుంది.

లేచి నిలబడ్డాను. "నాను రాసింది తప్పు" అన్నాను.

"తప్పేటి? ఓపిక నేదనా?"

"ఉన్నాది. జట్టోలు సెప్పినది దాని ఒంట్లో ఓపిక. రెండు మోపులెత్తే ఓపిక. దెబ్బలు తినే ఓపిక అని ఎవులూ సెప్పనేదు. అది నాను జీపులో వాగినాను, సారు కాయితం మీద ఎక్కించినాడు. దాని ఇంటి మాట దాన్నడక్కుండా అమ్మీసినాను. దండించాలంటే నన్ను దండించండి. ఆ పిల్ల అడిగింది ఇచ్చీయండి."

 తవిటయ్య కండువా దులిపాడు.

"వొదినా, నీ మాటల మడత నాకు తెలీదు. ఓపికంటే ఓపికే. ఆడమనిసి మోపులెత్తాల, సంసారమూ ఎత్తాల. అప్పన్న ఇంకోపాలి సెయ్యెత్తనని పెద్దల ముందు మాటిస్తాడు. రేప్పొద్దున్నకి నువ్వు ఇంటికాడ ఉండాల దాలీ. ఇదే తగువు."

అప్పన్న స్తంభం దగ్గర నుంచి కదలకుండానే సరేనన్నట్టు తలూపాడు. మాటివ్వడానికి కూడా అతనికి నోరు బరువైంది.

అప్పుడు దాలమ్మ చెప్పింది. గొంతు పెంచలేదు. "నాకు ఓపిక నేదు మావా."

ఆ మాటని తవిటయ్య ఒకలా విన్నాడు. మొండికేస్తున్నావేటే అన్నాడు. గోడవారగా కూర్చున్న జట్టు ఆడవాళ్ళు ఇంకోలా విన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఎప్పుడూ దాలమ్మ నోట ఆ మాట వినలేదు. అసిరమ్మ లేచి, చీర దులుపుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒకరి వెనక ఒకరు లేచారు. మగవాళ్ళు తగువు తెగిందనుకున్నారు.

దాలమ్మ కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చింది. నేను పిలవలేదు, పిలిచే మొహం నాకు లేదు. వచ్చి, మేకల కోసం కట్టిన నా వెనక గది తలుపు తీసి చూసింది. మేకలు అమ్మేశావా పిన్నీ, అని మాత్రం అడిగింది. అమ్మేశానన్నాను.

సాయంత్రం సార్‌కి నేనే ఫోన్ చేసి, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నానని చెప్పాను.  అయిందేదో అయింది, వచ్చే నెల గుణం కృతజ్ఞత, పేర్లు త్వరగా పంపండి, అన్నాడు. నా పేరు కొట్టేసుకోండి సార్ అన్నాను. ఎనిమిది నెలలే కదా అమ్మా, అన్నాడు. అందుకే, అన్నాను.

కొత్తగా వచ్చే పిల్లలకి ఒక్కటే చెబుతాను. ఊరికి వెళ్ళి మంచివాళ్ళెవరని అడగకండి. ఎవరికి ఏం కావాలో అడగండి. అది మీ చేతిలో లేకపోతే లేదని చెప్పి మంచినీళ్ళు తాగి వచ్చేయండి. శాలువా మాత్రం పట్టుకెళ్ళకండి.

మర్నాడు

మర్నాడు ఆరు గంటలకి నేను వెనక గది ఊడ్చి, పేడతో అలుకుతున్నాను. వీధిలో ఆడవాళ్ళ మాటలు వినబడి బయటికొచ్చాను. దాలమ్మ కాక పదమూడు మంది జట్టూ, పనికి కట్టుకునే పాత చీరలతో, పైకి దోపిన కుచ్చెళ్ళతో అప్పన్న ఇంటి ముందు ఆగి ఉన్నారు. అప్పన్న అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు.

"అప్పన్నా, కాళ్ళు తియ్యి. తోవకడ్డం ఉన్నాయి" అంది అసిరమ్మ.

అతను కాళ్ళు తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియదనుకుంటాను. వాళ్ళు లోపలికి వెళ్ళి, దాలమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకుపెట్టె తెచ్చారు. బియ్యం కుండ తెచ్చారు. రెండు గిన్నెలు, ఒక చాప, పిల్ల పుస్తకాల సంచి. రుబ్బురోలు ఇద్దరు పట్టుకున్నారు. అతని వస్తువు ఒక్కటి ముట్టలేదు, అతని చొక్కా దండెం మీద నుంచి జారితే తీసి మళ్ళీ దండెం మీదే వేశారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాలుగు ఇళ్ళవతల నా గదిలో అవన్నీ దింపి, చేతులు కడుక్కుని, పొలానికి బయలుదేరారు. దాలమ్మ కూతుర్ని నా దగ్గర వదిలి వాళ్ళ వెనకే వెళ్ళింది. నేనూ గంజి కుండ ఎత్తుకుని, పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆ రోజు ఉభాలు తవిటయ్య పొలంలోనే. ఆకు ముదిరిపోతోంది, చుట్టుపక్కల ఖాళీగా ఉన్న జట్టు ఇంకొకటి లేదు. ఆయన గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా ఊరు ఆయన పొలానికి కూతవేటు దూరం, కబురు మాకంటే ముందే చేరింది. పదమూడు మందినీ చూశాడు. వాళ్ళ వెనక కట్టు చేత్తో వస్తున్న దాలమ్మని చూశాడు.

"పొద్దెక్కిపోనాది. దిగండి" అన్నాడు.

పదమూడు మంది మడిలోకి దిగారు. దాలమ్మ గట్టు మీద కూర్చుని, కుడి చేత్తో ఆకు కట్టలు ఒకటొకటే అందించింది.